మనం లీసాలం కాదు, మార్టిన్లం

పుస్తకాలు చదివే మన బ్యాచ్‌లో ఎవర్ని అడిగినా ‘సింప్సన్స్’లో ఇష్టమైన పాత్ర లీసా అంటారు. ప్రశ్న పూర్తి కాకముందే అంటారు. ప్రొఫైల్ ఫొటోలో లీసా, ల్యాప్‌టాప్ మీద లీసా స్టిక్కరు, శాక్సాఫోన్ పట్టుకున్న లీసా బొమ్మతో కాఫీ మగ్గు. ఆమధ్య ఒక పుస్తకాల మీటింగ్‌లో ఒకాయన “లీసా అంటే మనమే కదండీ, మూర్ఖుల మధ్య పుట్టిన చదువరి” అన్నాడు. అందరూ తలూపారు. నేనూ ఊపాను. ఇంటికొచ్చాక నా మీద నాకే చిరాకేసింది. ఆ తలూపుడు వెనక్కి తీసుకోడానికే ఇది రాస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1987లో ‘ట్రేసీ అల్‌మన్ షో’లో చిన్న చిన్న తునకలుగా మొదలై, 1989 డిసెంబరులో ఫాక్స్ ఛానల్లో సొంత కార్యక్రమంగా నిలబడి, ఇప్పటికీ నడుస్తున్న కార్టూన్ కామెడీ ఇది. మాట్ గ్రేనింగ్ సృష్టి. స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరు, ఆ ఊళ్ళో సింప్సన్ల కుటుంబం, ఒక గవర్నమెంటు ఎలిమెంటరీ స్కూలు. బార్ట్‌కి పదేళ్ళు, నాలుగో తరగతి. వాడి చెల్లెలు లీసాకి ఎనిమిది, రెండో తరగతి. ముప్పై అయిదేళ్ళు దాటినా ఇద్దరూ పై క్లాసుకి వెళ్ళలేదు. నేను దీన్ని చూసింది టీవీలో కాదు, ఇంజనీరింగ్ హాస్టల్లో, డీసీ ప్లస్ ప్లస్‌లో ఎవరో సీనియర్ షేర్ చేసిన ఫోల్డర్లోంచి. ఎపిసోడ్లు వరసలో లేవు. బహుశా అదే మంచిదయింది. వరసలో చూస్తే అలవాటైపోయేది.

లీసా మనమే అనుకోవడంలో ఉన్న సుఖం నాకు తెలుసు. క్లాసులో జవాబు తెలిసింది తనొక్కతికే. ఎవరూ వినరు. ఇంట్లో నాన్నకి ఏమీ అర్థం కాదు. శాక్సాఫోన్ వాయిస్తే గోల ఆపమంటారు. తెలివైనవాళ్ళకి లోకంలో చోటు లేదు అనే బాధ ఎంత తియ్యగా ఉంటుందో చదువుకున్నవాళ్ళకే తెలుస్తుంది. కానీ నిజాయితీగా ఒక్కసారి మన స్కూలు గుర్తు తెచ్చుకోండి. మన మాట ఎవరూ వినలేదా? టీచర్లు మనల్నే కదా లేపింది? ఇన్‌స్పెక్షన్ వస్తే ముందు వరసలో కూర్చోబెట్టింది మనల్నే కదా? బోర్డు మీద ‘మాట్లాడినవాళ్ళ పేర్లు’ రాయమని చాక్‌పీస్ ఇచ్చింది ఎవరి చేతికి?

ఆ చాక్‌పీస్ పట్టుకున్న పిల్లాడు కూడా ‘సింప్సన్స్’లో ఉన్నాడు. పేరు మార్టిన్ ప్రిన్స్. బార్ట్ క్లాస్‌మేట్. 1990 జనవరిలో వచ్చిన ‘బార్ట్ ద జీనియస్’ ఎపిసోడ్ చూడండి. గోడ మీద ప్రిన్సిపాల్ స్కిన్నర్ బొమ్మ గీసిన బార్ట్‌ని పట్టించేది వీడే. కోపంతో బార్ట్ తన టెస్ట్ పేపరూ మార్టిన్ పేపరూ తారుమారు చేస్తాడు. ఫలితం, బార్ట్ ఐక్యూ 216 అని తేలుతుంది, వాణ్ణి మేధావి పిల్లల బడికి పంపిస్తారు. ఆ బడిలో జరిగేది నేను ఎన్నిసార్లు చూసినా ఒంటికి కారం రాసినట్టుంటుంది. అక్కడి పిల్లలు ఉపగ్రహాల మీద బరువుల లెక్కలు చెప్పి బార్ట్ టిఫిన్ డబ్బా కాజేస్తారు. మామూలు బళ్ళో రౌడీలు కొట్టి లాక్కుంటారు, ఇక్కడ లెక్క చెప్పి లాక్కుంటారు, తేడా అంతే. షో మొదలైన రెండో ఎపిసోడ్‌కే ఈ మాట అనేసింది. మనం మాత్రం ఆ సీన్‌ని ‘గీక్ హ్యూమర్’ అని మురిసిపోయాం. బార్ట్ ఆకలితో ఉన్నాడని మాలో ఒక్కడికీ తట్టలేదు.

అందుకే అంటున్నా, మనం లీసాలం కాదు. మార్టిన్లం. లీసా మనకి తొడుక్కోడానికి దొరికిన మంచి చొక్కా.

ఇప్పుడు అసలు సంగతి, బార్ట్. 1990లో బార్ట్ బొమ్మ ఉన్న టీషర్టులు అమెరికాలో కొన్ని స్కూళ్ళు నిషేధించాయి. ‘చదువు రాదు, అయినా గర్వంగా ఉంది’ అనే అర్థం వచ్చే టీషర్టు మీద పెద్ద గొడవ. పిల్లలు చెడిపోతారని భయం. అదే ఏడాది అక్టోబరు 11న రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌గా ‘బార్ట్ గెట్స్ యాన్ ఎఫ్’ వచ్చింది. మూడు కోట్ల మందికి పైగా చూశారు. టీషర్టు చూసి భయపడ్డవాళ్ళలో ఎంతమంది ఈ ఎపిసోడ్ చూశారో గానీ, చూసుంటే నోరు పడిపోయుండాలి.

కథ చిన్నది. బార్ట్ వరసగా తప్పుతున్నాడు. ఇంకో పరీక్ష పోతే నాలుగో తరగతి మళ్ళీ చదవాలని స్కూలు సైకాలజిస్టు తేలుస్తాడు. బార్ట్ మార్టిన్‌తో ఒప్పందం చేసుకుంటాడు: నాకు చదువు నేర్పు, నీకు నలుగురిలో కలవడం నేర్పుతా. మార్టిన్ తన భాగం పుచ్చుకుని ఆటలకి పోతాడు. (చెప్పాను కదా.) దిక్కులేక బార్ట్ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్క రోజు గడువివ్వమని దేవుణ్ణి అడుగుతాడు. తెల్లారేసరికి మంచు. స్కూలు సెలవు. ఊరంతా మంచులో ఆడుకుంటోంది. వాడు ఆడుకోడానికి బయల్దేరితే లీసా అడ్డుపడి రాత్రి ప్రార్థన గుర్తు చేస్తుంది. వాడు గదిలోకి వెళ్ళి పుస్తకం తెరుస్తాడు. నిజంగా చదువుతాడు. మనసు పారిపోతుంటే చెంపలు వాయించుకుని మరీ చదువుతాడు.

పరీక్ష రాస్తాడు. 59 వస్తాయి. ఫెయిల్.

ఇక్కడ బార్ట్ ఏడుస్తాడు. జోకు లేదు. ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు గనక ఫెయిలయ్యాననుకునే సౌకర్యం ఉండేది, ఇప్పుడు ఒళ్ళు దాచుకోకుండా చదివినా ఫెయిలే. టీచర్ మిసెస్ క్రబాపెల్ కంగారు పడుతుంది, ఫెయిలవడం నీకు అలవాటే కదా అన్నట్టు. ఆ ఏడుపులోనే వాడు 1754లో జార్జ్ వాషింగ్టన్ ఫ్రెంచి వాళ్ళకి ఫోర్ట్ నెసెసిటీ అప్పగించినప్పుడు ఎలా ఉండుంటుందో ఇప్పుడు తెలిసింది అంటాడు. అది చదివితే తప్ప తెలిసే సంగతి కాదు. ఆవిడ ఒక మార్కు కలుపుతుంది. 60. డి మైనస్. పాస్.

తెలుగు సినిమాలో ఇలాంటి కుర్రాడు చివరికి ఫస్ట్ ర్యాంకు తెచ్చుకుంటాడు, లేదా ‘చదువుదేముంది’ అని ఒక డైలాగు కొట్టి కోటీశ్వరుడవుతాడు. అత్తెసరు మార్కులతో గట్టెక్కి, ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించుకుని సంతోషపడే కుర్రాడి కథ మన దగ్గర ఏది? ముళ్ళపూడి ‘బుడుగు’ ఉన్నాడు, ప్రైవేటు మేష్టర్లని ముప్పుతిప్పలు పెట్టినవాడు, నాకు ప్రాణం. కానీ బుడుగుని బడి భయపెట్టలేదు. వాడి వెనక ఇల్లంతా ఉంది. బార్ట్‌కి ఆ రాత్రి ఎవరూ లేరు.

నా సంగతి చెప్తాను. నేను ఇంటర్ చదివింది ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. ప్రతి వారం టెస్టు. మర్నాడు నోటీసు బోర్డు మీద లిస్టు. లిస్టుని బట్టి సెక్షన్లు మారేవి. పై సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, ఫ్యాన్లు తిరిగే గది, అడగ్గానే డౌట్లు. కింది సెక్షన్‌కి స్టడీ అవర్లూ తిట్లూ. నా రూమ్మేటు మొదటి టర్మ్‌లో నాతోనే ఉన్నాడు. తర్వాత రెండు సెక్షన్లు దిగాడు. బ్లాకు మారింది. మెస్సులో కనపడితే నేను పలకరించడం మానేశాను. ఎవరూ మానమనలేదు. తగ్గిన మార్కులు అంటుకుంటాయేమోనన్నట్టు నాకు నేనే మానేశాను. ఎంసెట్ రిజల్టు వచ్చాక పేపర్లో ఫుల్ పేజీ ప్రకటన, స్టాంపు సైజు ఫొటోలు వందలు. నా మొహం ఆ ప్రకటనలో ఎక్కడో మూల ఉంది. ఇంట్లో ఆ పేజీ చాలా ఏళ్ళు దాచారు. వాడి సెక్షన్లో ఒక్కరి ఫొటో కూడా అందులో లేదు, అసలు వాళ్ళు ఆ కాలేజీలో చదవనే లేదన్నట్టు.

2009 మార్చిలో వచ్చిన ‘హౌ ద టెస్ట్ వజ్ వన్’ చూసినప్పుడు నాకు వెంటనే నవ్వు రాకపోవడానికి కారణం అదే. అమెరికాలో 2002లో ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం వచ్చింది. ఏ పిల్లా వెనకబడకూడదని పేరు, పరీక్ష మార్కులతో బడుల తలరాతలు ముడిపెట్టడం దాని పద్ధతి. ఎపిసోడ్‌లో పెద్ద పరీక్ష రోజు వస్తుంది. స్కూలు సగటు పడిపోకుండా ఏం చేయాలి? చదువు రాని పిల్లల్ని ఏరి, బార్ట్, నెల్సన్, రాల్ఫ్ అందర్నీ బస్సెక్కించి ఊరి బయటికి తీసుకుపోవాలి. అదీ ప్లాను. చట్టం పేరేమో వెనక ఎవరూ మిగలకూడదని. బస్సు మాత్రం మిగలాల్సినవాళ్ళని ఏరి మోసుకుపోతోంది. అక్కడి రచయితలకి మన కాలేజీలు తెలిసే అవకాశం లేదు. మార్కుని డబ్బుకి ముడిపెడితే ఏ దేశంలోనైనా ఆ బస్సు వచ్చి తీరుతుంది. అదే ఎపిసోడ్‌లో పరీక్ష గదిలో లీసా పెన్సిల్ పట్టుకుని బిగుసుకుపోతుంది, జవాబు రాయలేకపోతుంది. బస్సులో లేనివాళ్ళకి కూడా ఆ గది ఏమంత చల్లగా లేదని షోకి తెలుసు.

నిజానికి లీసా మీద షోకి మనకున్నంత భక్తి ఎప్పుడూ లేదు. అదే నా ఫిర్యాదు, భక్తులు మూలగ్రంథం చదవరు. 1998లో వచ్చిన ‘లీసా గెట్స్ యాన్ ఎ’లో లీసా జలుబు చేసి ఇంట్లో ఉండి, పాఠం చదవకుండా వీడియో గేముకి అతుక్కుపోతుంది. పరీక్ష ముందు నెల్సన్ దగ్గర జవాబులు తీసుకుంటుంది. ఎ ప్లస్ ప్లస్ ప్లస్. ఆ ఒక్క మార్కుతో స్కూలు సగటు పెరిగి ప్రభుత్వ గ్రాంటుకి అర్హత వస్తుంది. అంతరాత్మ ఊరుకోక లీసా ఒప్పుకుంటానంటే ప్రిన్సిపాల్, సూపరింటెండెంట్ కలిసి ఒక ఉత్తుత్తి సభ పెడతారు. ఆ వేదిక మీద పాప తప్పు ఒప్పుకుంటుంది, చప్పట్లు కొడతారు, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోతుంది. తర్వాత అసలు సభ జరిగి చెక్కు చేతులు మారుతుంది. మంచి విద్యార్థి నిజాయితీని కూడా సంస్థ ఎలా సర్దేస్తుందో ఇంతకంటే బాగా ఎవరు చెప్పారు? ఆ నిజం వల్ల ఎవరి డబ్బూ పోలేదు, పాప మనసు తేలికపడింది, అందరూ హ్యాపీ. మా ఆఫీసులో ఏడాదికోసారి ‘మనసు విప్పి చెప్పండి’ అని సర్వే పంపుతారు, అది వచ్చినప్పుడల్లా నాకు ఈ సభ గుర్తొస్తుంది.

అలాంటి షోనే ఇరవై ఏళ్ళ తర్వాత అదే లీసాని నిజంగానే ఆ పనికి వాడుకుంది. 2017లో హరి కొండబోలు ‘ద ప్రాబ్లమ్ విత్ అపు’ అనే డాక్యుమెంటరీ తీశాడు. న్యూయార్కులో పెరిగిన తెలుగు కుటుంబం కుర్రాడు, కమేడియన్. క్వికీమార్ట్ కొట్టు నడిపే అపు, తెల్ల నటుడు హాంక్ అజారియా పలికిన ఆ యాస, ఆ యాసని మొహం మీద అనుకరించి ఏడిపించిన స్కూలు రోజులు, ఇవీ అందులోని సంగతులు. గమనించండి, ఇది కూడా విద్యార్థుల గొడవే. అమెరికా బళ్ళలో మన పిల్లలు ఎదుర్కొన్న వెక్కిరింపు. 2018 ఏప్రిల్‌లో షో జవాబిచ్చింది. ఎవరితో చెప్పించింది? హోమర్‌తో కాదు, బార్ట్‌తో కాదు. లీసాతో. మంచం మీద కూర్చున్న లీసా సూటిగా మనవైపు చూసి, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పంటున్నారు, ఏం చేస్తాం అనే ధోరణిలో మాట్లాడుతుంది. పక్కన అపు ఫొటో. వెక్కిరింపుకి గురయ్యే పిల్లల తరఫున ముప్పై ఏళ్ళు మాట్లాడిన పాత్ర అది. ఆ పిల్లే ఇప్పుడు వెక్కిరించినవాళ్ళ తరఫున సర్దిచెప్పింది. 2020లో అజారియా ఆ గొంతు పలకడం మానుకున్నాడు. ఆయనకున్న పాటి ఇంగితం ఆ రోజు రాసినవాళ్ళకి లేకపోయింది.

ఎందుకు లీసా? ఆ మాట బార్ట్ అంటే ఎవరూ నమ్మరు గనక. క్లాస్ ఫస్ట్ పిల్ల అంటే నమ్ముతారు. సంస్థకి ఇబ్బంది వచ్చినప్పుడు వేదికెక్కించేది ఎప్పుడూ మంచి విద్యార్థినే. మనకి తెలియనిదా? కాలేజీ మీద ఏదైనా కంప్లయింట్ వస్తే ప్రెస్ ముందు నిలబెట్టేది ఎవర్ని?

ఈ వాదన ఒక స్నేహితురాలికి వినిపించాను. టెస్టర్‌గా పనిచేస్తుంది, చదువరి, లీసా మగ్గు ఆవిడదే. విని, “నువ్వు ఫెయిలైతే ఏమయ్యేది? సప్లిమెంటరీ రాసేవాడివి. నేను తప్పితే మా ఇంట్లో సంబంధాలు చూసేవాళ్ళు. బార్ట్‌లా ఉండటం మగపిల్లాడికి దొరికే లగ్జరీ బాబూ” అంది. నా దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. ‘సెపరేట్ వొకేషన్స్’ (1992) ఆవిడ పక్షమే. అందులో స్కూల్లో పెట్టిన కెరీర్ పరీక్ష ప్రకారం బార్ట్ పోలీసవ్వాలి, లీసా గృహిణి అవ్వాలి. లీసా విరిగిపోతుంది. ఇంత చదివి ఇదా అని, చదువు మీద తిరగబడి, టీచర్ల దగ్గరుండే జవాబుల పుస్తకాలన్నీ ఎత్తుకుపోతుంది. జవాబులు చేతిలో లేని టీచర్లు బోర్డు ముందు బిక్కమొహాలు వేస్తారు. ఆడపిల్లకి చదువు తప్ప వేరే తలుపు లేదని, ఆ తలుపు కూడా మూసేస్తారని ఆ ఎపిసోడ్‌కి తెలుసు. కాబట్టి ఆవిడ మగ్గు ఆవిడ దగ్గరే ఉండనీండి. నా గొడవ మగాళ్ళతో, ముఖ్యంగా నాలాంటివాళ్ళతో. ఆవిడకి ఉన్న హక్కు మనకి లేదు.

కానీ ఆ ఎపిసోడ్ చివర ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. హాల్ మానిటర్ అయిన బార్ట్‌కి దొంగ ఎవరో తెలిసిపోతుంది. నేరం తన మీద వేసుకుంటాడు. నీకు బుర్ర ఉంది, నువ్వు పైకి వెళ్ళాలి, పాడుచేసుకోకు అని చెల్లెలికి చెప్తాడు. తర్వాత అప్పు అడగడానికి నేనుంటాలే అని జోకు కూడా వేస్తాడు. వెనక బెంచీ వాడికి ముందు బెంచీ మీద అసూయ లేదు. తన దగ్గర లేనిది ఏమిటో వాడికి బాగా తెలుసు, దాని విలువా తెలుసు. మార్టిన్ ఎప్పుడైనా ఎవరి నేరమైనా తన మీద వేసుకున్నాడా?

బార్ట్ దేవుడేం కాదు. ఒంటరి క్రబాపెల్‌కి దొంగ ప్రేమలేఖలు రాసి ఆవిడ్ని హోటల్లో ఎదురుచూసేలా చేసినవాడు వాడే. ఆ ఎపిసోడ్ తల్చుకుంటే ఇప్పటికీ వాడి చెవి మెలెయ్యాలనిపిస్తుంది. కాకపోతే ఆవిడ అలా కూర్చోవడం కళ్ళారా చూశాక వాడికి సిగ్గేసింది. మంచీ చెడ్డా నా వాదనలో పెద్ద విషయం కాదు. ఎవరికి పడాల్సిన మార్కు ఎవరి ఖాతాలో పడుతోంది అన్నదే విషయం.

ఇక మీమ్స్ గురించి. మన గ్రూపుల్లో రాల్ఫ్ విగ్గమ్ బొమ్మ వాడని రోజు ఉండదు. ఎవడైనా తెలివితక్కువ కామెంటు పెడితే చాలు, ముక్కులో వేలు పెట్టుకున్న రాల్ఫ్. 1993 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఐ లవ్ లీసా’ చూసినవాళ్ళు ఆ బొమ్మ అంత తేలిగ్గా పోస్ట్ చేయలేరు. వాలెంటైన్ కార్డు ఒక్కటీ రాని రాల్ఫ్‌కి జాలిపడి లీసా ఒక కార్డు ఇస్తుంది. రైలు బొమ్మ ఉన్న కార్డు. వాడు నిజమనుకుంటాడు. చివరికి టీవీ కెమెరాల ముందు లీసా నువ్వంటే ఇష్టం లేదని అరుస్తుంది. ఆ వీడియోని బార్ట్ ఫ్రేము ఫ్రేమూ ఆపి, వాడి గుండె పగిలిన క్షణం ఇదిగో అని చూపిస్తాడు. జాలి ఎంత ప్రమాదమో, మంచి పిల్ల చేసే గాయం ఎంత లోతో ఆ ఒక్క ఆపిన ఫ్రేములో ఉంది. అదే రాల్ఫ్ స్కూలు నాటకంలో జార్జ్ వాషింగ్టన్‌గా అద్భుతంగా నటిస్తాడు. అంటే 1754లో ఓడిపోయిన ఆ వాషింగ్టన్ ఈ రెండు ఎపిసోడ్లలోనూ వెనక బెంచీ వాడి నోటే వచ్చాడు. కావాలని చేశారో లేదో గానీ నాకు నచ్చింది.

ఇంకొక సంగతి. నాన్సీ కార్ట్‌రైట్ 1987లో ఆడిషన్‌కి వెళ్ళింది లీసా పాత్రకి. అక్కడ బార్ట్ వివరాలు చదివి, నాకిది కావాలని అడిగి తీసుకుంది. లీసా గొంతు యార్డ్లీ స్మిత్‌కి దక్కింది, ఆవిడేమో బార్ట్ కోసం ప్రయత్నించి గొంతు మరీ ఆడపిల్లలా ఉందనిపించుకున్న మనిషి. బార్ట్‌తో పాటు నెల్సన్, రాల్ఫ్ గొంతులు కూడా కార్ట్‌రైటే. ఆ బస్సెక్కించిన ముగ్గురికీ గొంతు ఒకటే మనిషిది. ఈ సంగతి తెలిశాక నాకు మా నోటీసు బోర్డు, రెండో బ్లాకు, మెస్సులో తలొంచుకుని తినే ఆ కుర్రాడు వరసగా గుర్తొచ్చారు. వాడి ఫోను నంబరు కోసం పాత బ్యాచ్ గ్రూపులో అడిగాను. అడ్మిన్‌కి కూడా తెలీదు. గ్రూపు పేరు పై సెక్షన్ పేరే, అందులో ఉన్నవాళ్ళందరూ ఆ సెక్షన్ వాళ్ళే.

లీసా తరఫున ఎవరైనా జవాబు రాస్తే చదువుతాను, గట్టిగా రాయండి. మార్టిన్ తరఫున రాయాలంటే మాత్రం బయటివాళ్ళెవరూ అక్కర్లేదు, నేనే రాయగలను.